ఉమ్మడి నల్గొండ నీటి లెక్కలు ట్రినోలో: మొదటి కేటలాగ్ నుంచి చివరి అనుమతి దాకా

ఉమ్మడి నల్గొండలో ఫ్లోరైడ్ మీద లెక్క తీయాలని కూర్చుంటే సమాచారం ఒక్క చోట దొరకదు. పాత నీటి పరీక్షల ఫలితాలు ఏడాదికొక సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టికగా) ఏదో ఆబ్జెక్ట్ స్టోరేజీలో, అంటే ఫైళ్లను నెట్‌వర్క్ మీద దాచే నిల్వలో ఉంటాయి. బావుల నీటిమట్టాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఉంటాయి. ఏ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక మరొకరి మైఎస్‌క్యూఎల్‌లో ఉంటుంది. మర్రిగూడ మండలంలో నీరు బాగా లోతుకు దిగిన ఏడాది ఫ్లోరైడ్ కూడా పెరిగిందా అని అడగాలంటే ఈ మూడూ కలవాలి. అన్నింటినీ దించుకుని ఎక్సెల్‌లో అతికించడం చాలామంది చేసే పని. వచ్చే నెల కొత్త ఫైలు రాగానే ఆ శ్రమంతా మళ్లీ మొదటికి వస్తుంది.

డేటాను ఉన్న చోటే ఉంచి, మూడు చోట్లనూ ఒకే ఎస్‌క్యూఎల్ (డేటాబేసులను ప్రశ్నించే భాష) ప్రశ్నతో అడగడానికి ట్రినో అనే ఇంజన్ ఉంది. ఎస్‌క్యూఎల్ ఇప్పటికే వచ్చినవాళ్లు కూడా దీని కోసం మరొక అలవాటు చేసుకోవాలి: రాసిన ప్రశ్నలో ఏ ముక్క ఏ యంత్రం మీద నడుస్తోంది, ఎంత డేటా నెట్‌వర్క్ దాటి వస్తోంది అని చూడటం. నా దృష్టిలో ట్రినో పనితనం అంతా అక్కడే ఉంది. అందుకే కింద ఆ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా ఒక మాట. ఆదేశాలనూ సెట్టింగుల పేర్లనూ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లోనూ ఫైళ్లలోనూ వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ట్రినో ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు అవసరం లేదు

2012లో ఫేస్‌బుక్‌లో మార్టిన్ ట్రావెర్సో, డేన్ సండ్‌స్ట్రామ్, డేవిడ్ ఫిలిప్స్, ఎరిక్ హ్వాంగ్ కలిసి ప్రెస్టో పేరుతో దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి వాళ్లు వాడుతున్న హైవ్ అనే ఎస్‌క్యూఎల్ ఇంజన్, ప్రతి దశ ఫలితాన్నీ డిస్కు మీద రాసి తర్వాతి దశకు వెళ్లేది. చిన్న ప్రశ్నకు కూడా చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చేది. ప్రెస్టో ఆ మధ్య ఫలితాలను మెమరీలోనే ఉంచి, ఒక దశ నుంచి మరో దశకు నెట్‌వర్క్ మీదుగా పంపింది. 2013 నవంబరులో అది ఓపెన్ సోర్స్ అయింది. తర్వాత దాన్ని సృష్టించినవాళ్లు ఫేస్‌బుక్ వదిలి విడిగా అభివృద్ధి కొనసాగించారు. ఆ శాఖకు 2020 డిసెంబరులో ట్రినో అని పేరు మార్చారు. ప్రెస్టో పేరుతో మరో ప్రాజెక్టు లైనక్స్ ఫౌండేషన్ కింద ఇంకా నడుస్తోంది. కాబట్టి వెతికినప్పుడు దొరికే పాత సమాధానాల్లోని సెట్టింగులు ట్రినోలో అలాగే పని చేస్తాయని అనుకోకండి. మీ వెర్షన్‌కు చెందిన అధికారిక డాక్యుమెంటేషన్‌నే పక్కన తెరిచి పెట్టుకోండి.

ట్రినో తనలో డేటా దాచుకోదు. అందులో రెండు రకాల సర్వర్లు ఉంటాయి. కోఆర్డినేటర్ ప్రశ్నను చదివి, ప్రణాళిక వేసి, పని పంచుతుంది. వర్కర్లు డేటా తెచ్చి లెక్క చేస్తాయి. నాట్ల కాలంలో ముఠా మేస్త్రి మడిని చూసి ఎవరు ఏ గట్టు నుంచి మొదలుపెట్టాలో చెప్పినట్టు, కోఆర్డినేటర్ డేటాను స్ప్లిట్‌లనే ముక్కలుగా చేసి వర్కర్లకు అప్పగిస్తుంది. ఒక్కో రకం డేటా మూలాన్ని చదవడానికి ఒక్కో కనెక్టర్ ఉంటుంది.

మీ డేటా అంతా ఒకే పోస్ట్‌గ్రెస్‌లో ఉంటే ట్రినో పెట్టకండి, నేరుగా పోస్ట్‌గ్రెస్‌నే అడగండి. ఒక ల్యాప్‌టాప్‌లో పట్టే కొన్ని సీఎస్‌వీలే ఉంటే డక్‌డీబీ అనే చిన్న డేటాబేసు చాలు. నిమిషానికి వేల చిన్న చిన్న మార్పులు రాసే బిల్లింగ్ లాంటి పనులకు ట్రినో పనికిరాదు. మన ఉదాహరణలో డేటా పెద్దదేమీ కాదు. అది మూడు వేర్వేరు వ్యవస్థల్లో ఉంది కాబట్టే ట్రినోను ఎంచుకున్నాను. ఇదే అమరిక రేపు టెరాబైట్లు వచ్చినా నిలుస్తుంది.

మొదటి అడుగు: నడిపి చూడటం

డాకర్ (ప్రోగ్రామును దానికి కావాల్సినవన్నీ కలిపి కంటైనర్ అనే మూటగా నడిపే సాధనం) ఉన్న ఏ కంప్యూటర్ అయినా సరిపోతుంది. 8 జీబీ మెమరీ ఉంటే నేర్చుకోవడానికి ఇబ్బంది ఉండదు. డాకర్ రన్ ఆదేశానికి ట్రినోడీబీ/ట్రినో అనే అధికారిక ఇమేజ్ పేరు ఇచ్చి, కంటైనర్‌కు ట్రినో అని పేరు పెట్టి, 8080 పోర్టును బయటికి కలపండి. లాగ్‌లో సర్వర్ స్టార్టెడ్ అన్న వరుస కనబడే వరకు ఆగండి. అది రాకముందే ప్రశ్న వేస్తే, సర్వర్ ఇంకా మొదలవుతోందన్న లోపం వస్తుంది. తర్వాత డాకర్ ఎగ్జెక్‌తో అదే కంటైనర్‌లో ట్రినో అనే కమాండ్ లైన్ సాధనాన్ని తెరవండి.

ముందు షో కేటలాగ్స్ అని అడగండి. కేటలాగ్ అంటే ట్రినోకు కలిపిన ఒక్కో డేటా మూలం. ఇమేజ్‌తో పాటే వచ్చే టీపీసీహెచ్, టీపీసీడీఎస్, మెమరీ, జేఎంఎక్స్, సిస్టమ్ కనిపిస్తాయి. టీపీసీహెచ్ అనేది పరీక్షల కోసం అప్పటికప్పుడు డేటాను పుట్టించే కేటలాగ్. అందులో టైనీ అనే స్కీమాలో నేషన్ పట్టికలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టమంటే 25 రావాలి. వచ్చిందంటే ఇంజన్ సరిగ్గా ఉన్నట్టే. ఇకపై వచ్చే లోపాలు కనెక్షన్లవీ డేటావీ అని తేలుతుంది. బ్రౌజర్‌లో 8080 పోర్టు తెరిస్తే ప్రతి ప్రశ్న ఎంతసేపు నడిచిందో, ఎంత చదివిందో చూపించే పేజీ వస్తుంది. దాన్ని పక్కన తెరిచే ఉంచండి.

రెండో అడుగు: కేటలాగ్‌లు

ఈటీసీ/ట్రినో/కేటలాగ్ ఫోల్డర్‌లో ఒక్కో మూలానికి ఒక్కో ప్రాపర్టీస్ ఫైలు ఉండాలి. ఫైలు పేరే కేటలాగ్ పేరు అవుతుంది. బావులు అనే అర్థంలో ఇంగ్లీషు అక్షరాలతో బావులు.ప్రాపర్టీస్ అని పెడితే, ప్రశ్నల్లో ఆ మూలాన్ని బావులు అనే పిలుస్తారు. పోస్ట్‌గ్రెస్ కోసం ఆ ఫైలులో నాలుగు వరుసలు చాలు: కనెక్టర్ పేరు, జేడీబీసీ (డేటాబేసులతో మాట్లాడే ప్రామాణిక పద్ధతి) కనెక్షన్ చిరునామా, వాడుకరి పేరు, పాస్‌వర్డ్. మైఎస్‌క్యూఎల్ ఫైలూ ఇలాగే ఉంటుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. డాకర్ లోపలి నుంచి లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే అని అర్థం, మీ కంప్యూటర్ కాదు. కాబట్టి డేటాబేసు కంటైనర్‌నూ ట్రినో కంటైనర్‌నూ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టి, కంటైనర్ పేరుతో పిలవండి. రెండోది, పోస్ట్‌గ్రెస్‌లో చదవడానికి మాత్రమే హక్కున్న వేరే వాడుకరిని సృష్టించి ఇవ్వండి. ట్రినో నుంచి డిలీట్ కూడా చేయవచ్చు, ఇతరుల డేటాబేసు విషయంలో అది చిన్న సంగతి కాదు. మూడోది, పాస్‌వర్డ్‌ను ఫైలులో నేరుగా రాయకండి. డాలరు గుర్తు, మీసాల బ్రాకెట్ల మధ్య ఈఎన్‌వీ, కోలన్, వేరియబుల్ పేరు రాస్తే ట్రినో దాన్ని పరిసర వేరియబుల్ నుంచి తీసుకుంటుంది. సాధారణ అమరికలో కొత్త ఫైలు పెట్టాక సర్వర్‌ను తిరిగి మొదలుపెడితేనే కేటలాగ్ కనిపిస్తుంది.

ఆబ్జెక్ట్ స్టోరేజీలోని సీఎస్‌వీల కోసం హైవ్ కనెక్టర్ వాడాలి. ఫైళ్లకు పట్టిక రూపం ఏమిటో గుర్తుంచుకోవడానికి దానికి మెటాస్టోర్ అనే మరో సేవ కావాలి. అది సాధారణంగా 9083 పోర్టులో ఉంటుంది. హైవ్ కనెక్టర్ అన్నంత మాత్రాన హైవ్ ఇంజన్ అవసరం లేదు, మెటాస్టోర్ ఉంటే చాలు. కొత్త వెర్షన్లలో ఎస్3 (ఆబ్జెక్ట్ స్టోరేజీని చదివే పద్ధతి) ఫైల్ సిస్టమ్ మద్దతును కేటలాగ్ ఫైలులో స్పష్టంగా ఆన్ చేయాలి. చిరునామా, ప్రాంతం, యాక్సెస్ కీలు కూడా అక్కడే ఇవ్వాలి.

ఇక ప్రతి పట్టికకూ మూడు భాగాల పేరు ఉంటుంది: కేటలాగ్, స్కీమా, పట్టిక, మధ్యలో చుక్కలు. వేర్వేరు మూలాలను కలిపే బలమంతా ఈ మూడు భాగాల పేరులోనే ఉంది.

మూడో అడుగు: పాత సీఎస్‌వీలను నమ్మదగ్గ పట్టికగా మార్చడం

ఈ పనికి ఓపిక కావాలి. క్రియేట్ టేబుల్‌లో ఫార్మాట్ సీఎస్‌వీ అని, ఎక్స్‌టర్నల్ లొకేషన్‌గా ఫోల్డర్ చిరునామా ఇవ్వండి. ఫైలు చిరునామా ఇవ్వకూడదు. శీర్షిక వరుసను వదిలేయడానికి స్కిప్ హెడర్ లైన్ కౌంట్‌కు 1 ఇవ్వండి. హైవ్ సీఎస్‌వీ పట్టికల్లో అన్ని కాలమ్‌లూ వార్‌చార్‌గానే (అక్షరాల రకంగానే) ఉండాలి, అంకెలకూ తేదీలకూ అక్కడ చోటు లేదు. మార్పిడి తర్వాతి దశలో మనమే చేయాలి.

అంకెల కోసం క్యాస్ట్ బదులు ట్రై_క్యాస్ట్ వాడితే, మారని విలువ దగ్గర ప్రశ్న ఆగిపోకుండా నల్ (విలువ లేదన్న గుర్తు) వస్తుంది. దాన్ని గుడ్డిగా వాడితే మాత్రం ఫ్లోరైడ్ లెక్క తప్పుతుంది. నీటి పరీక్షల పట్టికల్లో అంకె బదులు బీడీఎల్ అని రాసి ఉండటం మామూలే. పరికరం గుర్తించగలిగే మోతాదు కంటే తక్కువ ఉందని దాని అర్థం. అంటే ఫ్లోరైడ్ పరంగా ఆ నమూనా మంచి నీటిది. దాన్ని నల్ చేసి వదిలేస్తే మంచి నమూనాలన్నీ లెక్కలోంచి జారిపోయి, ఊరు ఉన్నదానికంటే విషపూరితంగా కనిపిస్తుంది. కొలవలేదు అని రాసినవి వేరు, వాటిని నిజంగానే వదిలేయాలి. కాబట్టి కేస్ వాక్యంలో మూడు దారులు పెట్టండి: బీడీఎల్ అయితే పరిమితి దాటలేదు, అంకె అయితే పోల్చి చూడు, మిగిలినవన్నీ నల్. ఆ మిగిలినవి ఏమిటో ఒకసారి విడిగా జాబితా తీసి కళ్లతో చూడండి. ఒక మండలం పరువు, అక్కడ ఖర్చయ్యే డబ్బు ఇలాంటి అంకెల మీద ఆధారపడతాయి.

తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది. మీరు ఏ గీత వాడుతున్నారో పట్టికలోనే ఒక కాలమ్‌గా రాసి ఉంచండి.

తేదీలకు డేట్_పార్స్ ఉంది. రోజు ముందా నెల ముందా అన్నది ఫైలు ఫైలుకూ మారుతుంటుంది. 05-06-2014 లాంటివి ఏ పద్ధతిలో చదివినా లోపం చూపకుండా ఒప్పుకుంటాయి, అర్థం మాత్రం మారిపోతుంది. అదే ఫైలులో 12 కంటే పెద్ద అంకె మొదటి స్థానంలో వచ్చిందా, రెండో స్థానంలో వచ్చిందా చూసి, ఫైలువారీగా పద్ధతిని నిర్ణయించండి. ట్రినోలో డాలర్‌పాత్ అనే దాచిన కాలమ్, ప్రతి వరుసా ఏ ఫైలు నుంచి వచ్చిందో చెబుతుంది. దీని విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది.

శుభ్రం చేసిన ఫలితాన్ని క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్‌తో పార్కే ఫార్మాట్‌లో కొత్త పట్టికగా రాయండి. పార్కే కాలమ్‌ల వారీగా దాచుతుంది. పది కాలమ్‌లలో రెండే అడిగితే ఆ రెండే చదువుతుంది. ఏడాదిని బట్టి విభజించవచ్చు, అప్పుడు హైవ్ పట్టికలో ఆ కాలమ్ చివర రావాలి. మండలానికొకటి, నెలకొకటి చొప్పున విభజించాలని మాత్రం చూడకండి. కొన్ని కిలోబైట్ల ఫైళ్లు వేలల్లో తయారై, చదవడం కంటే తెరిచి మూయడానికే సమయం పోతుంది.

నాలుగో అడుగు: మండలాల తాళం పట్టిక

దక్షిణ తెలంగాణలో ఏ లెక్క చేయాలన్నా ఈ పట్టిక లేకుండా అడుగు పడదు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వచ్చింది. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కు వెళ్లాయి. అందువల్ల మిగిలిన మహబూబ్‌నగర్‌తో కలిపి ఈ అయిదు జిల్లాలను కూడినా ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) రాదు. ఫ్లోరైడ్ ప్రాంతానిదీ ఇదే పరిస్థితి. మర్రిగూడ, మునుగోడు నల్గొండలో ఉన్నాయి, పక్కనే ఉన్న చౌటుప్పల్ యాదాద్రి భువనగిరిలో ఉంది. జిల్లా పేరుతో గ్రూప్ బై చేస్తే 2016కు ముందూ తర్వాతా గీత ఒక్కసారిగా విరుగుతుంది. అది నీటిలో వచ్చిన మార్పు అని ఎవరైనా పొరబడే ప్రమాదం ఉంది.

పేర్ల మీద కూడా ఆధారపడలేం. నార్కట్‌పల్లి, నార్కెట్‌పల్లి, జడ్చర్ల, జడ్చెర్ల, చౌటుప్పల్, చౌటుప్పుల్. ఇంగ్లీషు స్పెల్లింగులు ఇంకా ఎక్కువ. బాలానగర్ అనే మండలం మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఉంది, హైదరాబాద్ పక్కన మేడ్చల్ మల్కాజిగిరిలోనూ ఉంది. కాబట్టి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని మండల కోడ్‌ను తాళంగా (కీగా, అంటే పట్టికలను కలిపే గుర్తుగా) పెట్టుకోండి. పట్టికలో ఈ కాలమ్‌లు ఉంచండి: ఫైలులో కనిపించిన పేరు, ఫైలులోని జిల్లా, మండల కోడ్, ఉమ్మడి జిల్లా, ప్రస్తుత జిల్లా. 2016లో కొత్త మండలాలు కూడా పుట్టాయి కాబట్టి, పాత డేటాను ఊరి స్థాయిలో కలిపే వీలుంటే గ్రామ కోడ్ మరింత మేలు.

లెఫ్ట్ జాయిన్ చేసి కోడ్ దొరకని పేర్ల జాబితా తీయండి. అది ఖాళీ అయ్యే వరకు ముందుకు వెళ్లకండి.

అయిదో అడుగు: మూడింటినీ కలిపే ప్రశ్న

ఒక మండలంలో ఒక ఏడాది 40 నీటి నమూనాలు, 12 బావి కొలతలు ఉన్నాయనుకోండి. రెండు పట్టికలనూ నేరుగా మండలం, ఏడాది మీద జాయిన్ చేస్తే 480 వరుసలు వస్తాయి. సగటులు చాలాసార్లు సరిగ్గానే కనిపిస్తాయి, సంఖ్యలు మాత్రం ఉబ్బిపోతాయి. అందుకే విత్ వాక్యంతో ముందుగా రెండు చిన్న ఫలితాలు తయారు చేయండి. మొదటిదానిలో మండల కోడ్, ఏడాది వారీగా మొత్తం నమూనాలు, పరిమితి దాటిన నమూనాలు. దాటినవాటికి కౌంట్_ఇఫ్ వాడండి. రెండోదానిలో అదే తాళంతో మే నెల నీటిమట్టం సగటు లోతు. ఆ తర్వాతే ఆ రెండింటినీ, తాళం పట్టికనూ కలపండి.

వాటా తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ట్రినోలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది. 13ని 40తో భాగిస్తే 0 అని చూపిస్తుంది. ముందుగా 100.0తో గుణించండి.

ఆరో అడుగు: ఎక్కడ ఏం జరుగుతోందో చూడటం

ప్రశ్నకు ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అని పెట్టి నడపండి. ట్రినో ప్రశ్నను నిజంగా నడిపి, ప్రతి దశలో ఎన్ని వరుసలు లోపలికి వచ్చాయో, ఎంత మెమరీ పట్టిందో, ఎంత సమయం పోయిందో చెబుతుంది. కింది నుంచి పైకి చదవండి. అట్టడుగున టేబుల్‌స్కాన్ ఉంటుంది. బావుల పట్టికలో ఒక్క ఏడాది అడిగితే అక్కడ ఒక్క ఏడాది వరుసలే కనిపించాలి. పట్టికలోని వరుసలన్నీ వచ్చి, పైన ఫిల్టర్ అని విడిగా కనిపించిందంటే, పోస్ట్‌గ్రెస్ మొత్తం పట్టికను నెట్‌వర్క్ మీదుగా పంపింది, ట్రినో ఇక్కడ కూర్చుని ఏరుకుంది.

షరతును మూలం దగ్గరికే నెట్టడాన్ని పుష్‌డౌన్ అంటారు. అది జరగకపోవడానికి తరచుగా కనిపించే కారణం ఒకటుంది. పోస్ట్‌గ్రెస్‌లో తేదీని అక్షరాల రూపంలో దాచి ఉంటే, దాని మీద పెద్దది, చిన్నది, బిట్వీన్ లాంటి షరతులను ట్రినో మామూలుగా పోస్ట్‌గ్రెస్‌కు పంపదు. అక్షరాల వరుసక్రమం రెండు చోట్లా ఒకటే అయి ఉండాలన్న హామీ లేదు, పంపితే తప్పు జవాబు రావచ్చు. సమానం, ఇన్ షరతులు మాత్రం వెళతాయి. కాబట్టి డేటాబేసు యజమానిని అడిగి ఆ కాలమ్‌ను నిజమైన తేదీ రకానికి మార్పించండి. అది కుదరకపోతే వాళ్ల వైపే ఒక వ్యూ (పట్టికలా అడగగలిగే, దాచి ఉంచిన ప్రశ్న) పెట్టించండి. ట్రినోలో ఎన్ని సెట్టింగులు తిప్పినా దీనికి సాటి రావు.

ఇంకో సంగతి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి జేడీబీసీ మూలాల నుంచి ట్రినో ఒక పట్టికను ఒకే స్ప్లిట్‌గా, ఒకే కనెక్షన్ మీద చదువుతుంది. వర్కర్లు పది ఉన్నా ఆ చదవడం వేగం పెరగదు. ఆబ్జెక్ట్ స్టోరేజీలోని పార్కే ఫైళ్లను మాత్రం అన్ని వర్కర్లూ పంచుకుంటాయి. బావుల పట్టిక నిజంగా పెద్దదై, రోజూ అడిగేదైతే, రాత్రిపూట ఒకసారి పార్కేలోకి నకలు తీసుకోవడమే తెలివైన దారి. డేటాను కదపకుండా అడగగలగడం మంచిదే గానీ, దాన్ని నియమంగా పట్టుకుని వేలాడాల్సిన పని లేదు.

పార్కే పట్టికల మీద అనలైజ్ ఆదేశం నడిపి గణాంకాలు సేకరించండి, షో స్టాట్స్‌తో చూడండి. ఏ పట్టిక చిన్నదో తెలిస్తేనే, ఏ జాయిన్ ముందు చేయాలో, చిన్న పట్టికను అన్ని వర్కర్లకూ పంపాలో, రెండింటినీ విడగొట్టాలో ట్రినో సరిగ్గా నిర్ణయించగలదు.

మెమరీ పరిమితి దాటిందన్న లోపం వస్తే వెంటనే పరిమితి పెంచకండి. ముందు సెలెక్ట్ నక్షత్రం తీసేసి కావాల్సిన కాలమ్‌లే అడగండి. విభిన్న విలువల సంఖ్య ఉజ్జాయింపుగా చాలనుకుంటే అప్రాక్స్_డిస్టింక్ట్ వాడండి, దాని ప్రామాణిక దోషం సుమారు 2.3 శాతం.

ఏడో అడుగు: వర్కర్లను చేర్చడం

నల్గొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో, పాలమూరు విశ్వవిద్యాలయంలోనో చదువుకుంటూ ల్యాబ్‌లో మూడు కంప్యూటర్లు దొరికితే ఇది చేసి చూడండి. సెట్టింగుల ఫైలులో ఒకదానికి కోఆర్డినేటర్ ట్రూ, మిగిలినవాటికి ఫాల్స్ అని పెట్టండి. అన్నింటిలోనూ డిస్కవరీ చిరునామా కోఆర్డినేటర్‌దే ఉండాలి. నోడ్.ఎన్విరాన్‌మెంట్ పేరు అన్నిచోట్లా ఒకటే, నోడ్ ఐడీ దేనికదే. వెర్షన్, కేటలాగ్ ఫైళ్లు కూడా అన్నింటిలో ఒకేలా ఉండాలి. సిస్టమ్ కేటలాగ్‌లో రన్‌టైమ్ స్కీమా, నోడ్స్ పట్టిక చూస్తే ఎన్ని చేరాయో తెలుస్తుంది.

మామూలు అమరికలో ఒక వర్కర్ మధ్యలో ఆగిపోతే ప్రశ్న మొత్తం విఫలమవుతుంది. గంటల తరబడి నడిచే పనులకు రిట్రై పాలసీని టాస్క్ అని పెట్టి, మధ్య ఫలితాలు దాచడానికి ఎక్స్ఛేంజ్ మేనేజర్ ఏర్పాటు చేసుకోవాలి. కరెంటు నమ్మకం లేని చోట ఇది తప్పదు.

చివరి అడుగు: ఎవరికి ఏమి చూపించాలి

డాకర్‌లో మొదలుపెట్టిన ట్రినో ఎవరు ఏ పేరు చెప్పినా లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్ అడగదు. కాబట్టి 8080 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. నలుగురూ వాడాలంటే హెచ్‌టీటీపీఎస్, పాస్‌వర్డ్ ధ్రువీకరణ పెట్టండి. ఫైలు ఆధారిత యాక్సెస్ కంట్రోల్‌లో ఒక జేసన్ ఫైలు రాసి, ఎవరికి ఏ కేటలాగ్, ఏ పట్టిక, ఏ కాలమ్ కనిపించాలో నిర్ణయించవచ్చు.

బావుల పట్టికలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే అవి బయటికి పోకూడదు. పై ప్రశ్నను హైవ్ కేటలాగ్‌లో ఒక వ్యూగా దాచండి, పోస్ట్‌గ్రెస్ కేటలాగ్‌లో ట్రినో వ్యూ సృష్టించడం కుదరదు. వ్యూ మామూలుగా దాన్ని సృష్టించినవారి హక్కులతో నడుస్తుంది. అందువల్ల చూసేవారికి వ్యూ మీద మాత్రమే అనుమతి ఇచ్చి, అడుగున ఉన్న మూడు మూలాల పట్టికలనూ మూసి ఉంచవచ్చు. సూపర్‌సెట్ లాంటి, చార్టులు గీసే సాధనాన్ని ఆ వ్యూకే కలిపితే, మండల కార్యాలయంలో కూర్చున్నవారు ఎస్‌క్యూఎల్ రాయకుండానే తమ మండలం గీతను చూసుకోగలరు. కొత్త ఏడాది పార్కే భాగం చేరిన క్షణం నుంచి అది కూడా ఆ గీతలో కనిపిస్తుంది.